లేని బల్బు వెలగదు

కాదు. ఇంకో వందసార్లు అడిగినా ఇదే చెప్తాను, అది ఆయన మొహం కాదు. వాట్సాప్ గ్రూపులో అరవై మంది దణ్ణం బొమ్మలు పెట్టారని కానిది అవునైపోదు.

"హెచ్‌డీలో ఉన్నాడు బాబాయ్" అంటాడొకడు. "పాతికేళ్ళు తగ్గాడు" అంటాడింకొకడు. చచ్చిపోయిన మనిషికి పాతికేళ్ళు తగ్గితే ఎవడికి లాభంరా? ఆ ముక్కే గ్రూపులో పెట్టాను. దాని కింద కోటిగాడు నవ్వుతున్న బొమ్మ తగిలించాడు. వాణ్ణి అక్కడికక్కడే బ్లాక్ చేశాను. పది నిమిషాలకి మళ్ళీ తీశాను. తీయక చస్తానా, అది బుధవారం మధ్యాహ్నం, పెదకర్మ మర్నాడు గురువారం. ఫ్లెక్సీలో ఏ బొమ్మ వెయ్యాలో ఆ సాయంత్రానికల్లా మస్తాన్ షాపులో చెప్పాలి. ఆ ఫ్లెక్సీ మీద ఎవరుండాలి అన్నదే గొడవ. ఆయన ఉండాలంటాను నేను. ఆయనే కదరా అంటారు వీళ్ళు.

అప్పటికే ఒకటి కట్టేశారు, వినుకొండ రోడ్డులో ఆయన గేమింగ్ సెంటర్ ముందు. వెనక మబ్బులు, పక్కన దీపం. మధ్యలో రెండు కళ్ళూ సమానంగా తెరిచి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఒక పెద్దమనిషి. నగల షాపు ప్రకటనలో పెళ్ళికూతురి తండ్రి వేషానికి సరిగ్గా సరిపోతాడు. మా బాబాయ్‌కి ఎడమ కన్ను సగమే తెరుచుకునేది. ముప్పై ఏళ్ళు సోల్డరింగ్ పొగలోకి తొంగిచూసిన కన్ను అది. పై వరసలో ముందు పన్ను ఒకటి లేదు. గడ్డం మీద కాలిన మచ్చ ఉండేది, పెసరగింజంత. ఫ్లెక్సీలో మచ్చ లేదు, సందు లేదు, పొగ లేదు.

ఇంత తిడుతున్నాను కదా, ఆ బొమ్మ చేసిందెవడో కూడా చెప్పేస్తాను. నేనే.

ఆయనకి ఫొటోలు లేవు. దొరికింది ఒక్కటి. ఒక శివరాత్రికి కోటప్పకొండ తిరణాలలో, లైట్లు కట్టిన ఎత్తైన ప్రభ ముందు పదకొండు మంది నిలబడి తీయించుకున్నది, అందులో చివర ఈయన. కోటిగాడి ఫోనులోంచి ఎవడికో, వాడి ఫోనులోంచి ఇంకెవడికో తిరిగి తిరిగి, నా దగ్గరికి వచ్చేసరికి బియ్యం కడిగిన నీళ్ళలా అయిపోయింది. ఆయన మొహం నా బొటనవేలి గోరంత. దాన్ని పెద్దది చెయ్యమని నా కంప్యూటర్లో ఏఐకి ఇచ్చాను. మూడు సెకన్లు. గోరంత మొహం గోడంత అయింది. గ్రూపులో పెట్టి "చూశారా నా గ్రాఫిక్స్ కార్డు పవర్" అని రాసింది కూడా నేనే. అప్పుడు నాకు బాగానే అనిపించింది. అది దాచి రాస్తే ఇదంతా ఎందుకు రాస్తున్నట్టు?

ఆయన పేరు రాయను. పేటలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాణ్ణి నేను చూడలేదు. ఆయనకంటే పదేళ్ళు పెద్ద అయిన టీ కొట్టు ఆయన కూడా బాబాయ్ అనే పిలిచేవాడు. మొదట్లో టీవీ మెకానిక్. డబ్బా టీవీలు పోయాక కంప్యూటర్లు పట్టుకున్నాడు, కంప్యూటర్లని బాగుచేసీ బాగుచేసీ ఎనిమిది మిషన్లు పోగుచేసి సెంటర్ పెట్టాడు. బోర్డు మాత్రం మార్చలేదు. "ఇచ్చట టీవీలు, టేపురికార్డర్లు రిపేరు చేయబడును" అన్న బోర్డు కింద కుర్రాళ్ళు కూర్చుని ఒకళ్ళనొకళ్ళు కాల్చుకునేవాళ్ళు.

పనిచేసేటప్పుడు సోల్డరు తీగని ఆ పన్ను సందులో దోపుకునేవాడు. రెండు చేతులూ పనిలో ఉంటే మూడో చెయ్యి అదే. తీగ చివర పెదాల బయట వెండి మీసంలా ఊగుతూ ఉండేది. దాంతోనే మాట్లాడేవాడు, దాంతోనే తిట్టేవాడు. కట్టుడు పన్ను పెట్టించుకోమని ఎవరన్నా అంటే, "పెట్టిస్తే నా తీగ నువ్వు పట్టుకుంటావా?" అనేవాడు.

ఎదురుగా గోడకి నిలువెత్తు అద్దం. టీవీ మెకానిక్‌ల అలవాటట అది. టీవీ వెనక కూర్చుని బిగించేవాడికి ముందున్న బొమ్మ కనపడాలి కదా, అందుకు అద్దం. టీవీలు పోయినా అద్దం ఉండిపోయింది. బల్ల దగ్గర కూర్చుని, ఎనిమిది తెరల్నీ అందులోంచే చూస్తూ అందరికీ సలహాలు పారేసేవాడు. "ఒరేయ్, ఎడంపక్క గోడ చాటున ఉన్నాడు చూడ్రా!" ఆడేవాడు ఎడమకి తిరిగేవాడు. కుడిపక్కనుంచి వచ్చి లేపేసేవాళ్ళు. అద్దంలో ఎడమ కుడి అవుతుందని ముప్పై ఏళ్ళలో ఆయనకి తట్టలేదు, చెప్తే ఒప్పుకోలేదు. "నేను సరిగ్గానే చెప్తన్నా, మీరే తిరగటం రావట్లేదు" అనేవాడు. బాబాయ్ ఎడమ అంటే కుడి అని కొత్తవాడు తెలుసుకునేసరికి నాలుగైదుసార్లు చచ్చేవాడు.

నాది హైదరాబాద్. ర్యాంకు దెబ్బకి పేటలో ఇంజినీరింగ్ కాలేజీలో పడ్డాను. నా సిస్టమ్‌ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చుకున్నాను, పక్క సీటాయనని చేతులు ఆనించనివ్వకుండా. మొదటి ఎండాకాలానికే అది గేమ్ మధ్యలో ఆగిపోవడం మొదలెట్టింది. బాబాయ్ దగ్గరికి మోసుకెళ్ళాను.

"ఏంది నాన్నా కథ?"

"డ్రైవర్ ప్రాబ్లమ్ అనుకుంటా. లేకపోతే లాస్ట్ అప్‌డేట్‌లో వాళ్ళు ఏదో..."

"ఈ ఎండలకి పేటలో గొడ్లే నడవలేక ఆగిపోతన్నాయి. దీందేముంది?" పక్క రేకు విప్పి లోపలికి ఒక్క ఊదు ఊదాడు. దుమ్ము లేచి నా మొహానికే కొట్టింది. "వాళ్ళనీ వీళ్ళనీ తిట్టేముందు దీని ముక్కు తుడవాల. నీదే నయం. మొన్న పిడుగురాళ్ళ సున్నం బట్టీల కాడి పిల్లోడొకడు తెచ్చాడు, లోపలంతా తెల్లగా సున్నం. ఏందిరా, పండక్కి దీనికి కూడా వెల్లేయించావా అన్నా."

తుడిచి, బిగించి, ఆన్ చేశాడు. మౌస్ పట్టుకుని తెర మీద బాణాన్ని గుండ్రంగా నాలుగు చుట్లు తిప్పాడు, పిండి కలుపుతున్నట్టు. ఇదేం టెస్టు అనుకున్నాను. పేటలో పాత తెరలు తప్ప చూసి ఉండడని, "ఇది నూట నలభై నాలుగు హెర్ట్జ్ బాబాయ్. సెకనుకి నూట నలభై నాలుగుసార్లు బొమ్మ మారుద్ది, మామూలుది కాదు" అని చెప్పాను.

"అట్టాగా" అన్నాడు.

అంతే అన్నాడు. ఆ 'అట్టాగా' నాకు రెండేళ్ళ తరవాత అర్థమైంది.

ఈ గొడవ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. గేమ్ మెత్తగా ఆడాలి, బొమ్మ చీలకూడదు, కుదుపు ఉండకూడదు. దానికోసం, బొమ్మ గీసే కార్డులు చేసే రెండు పెద్ద కంపెనీలు కొట్టుకుంటున్నాయి. పెట్టెల రంగుల్ని బట్టి ఒకదాన్ని పచ్చ అంటాం, ఇంకోదాన్ని ఎర్ర. ఇద్దరి దగ్గరా మూడు విద్యలు ఉన్నాయి. తెరనీ కార్డునీ ఒకే అడుగులో నడిపించడం ఒకటి. బొమ్మని చిన్నగా గీసి పెద్దది చేసి చూపించడం రెండోది. రెండు అసలు బొమ్మల మధ్యలో లేని బొమ్మ ఒకటి ఊహించి ఇరికించడం మూడోది. పచ్చవాడు మంచి మంచివన్నీ తన కార్డుకే దాచుకుంటాడు. ఎర్రవాడు ఎవరి కార్డుకైనా సరే వాడుకోమని వదిలేస్తాడు, కాబట్టి మేము దాన్ని రేషన్ బియ్యం అనేవాళ్ళం. మేము అంటే పచ్చ పార్టీ. లీడర్ని నేను. ఎర్ర పార్టీకి కోటిగాడు. సెంటర్లో ఎనిమిది మిషన్లు ఉంటే అటు నాలుగు, ఇటు నాలుగు. పల్నాడులో మూడో పార్టీకి చోటెక్కడ?

"ఏది మంచిదో మీరు తేల్చండి బాబాయ్" అంటే తీగ ఊపుకుంటూ చెప్పేవాడు: "పచ్చిమిరపకాయ నోట్లో పెట్టంగానే మండుద్ది. ఎండుమిరపకాయ ఇంటికెళ్ళినాక మండుద్ది. మీకు మంట యాడ కావాలో మీరే చూసుకోండి."

ఏ విద్య గురించి చెప్పినా ఆయనకి పాత టీవీయే. తెరనీ కార్డునీ జతచేసే సంగతి నేను పావుగంట, ఫోనులో బొమ్మలు చూపించి మరీ వివరించాను. చివర్లో, "ఇది మా హోల్డ్ బటనేరా" అన్నాడు. "బొమ్మ పైకి దొర్లుతుంటే ఎనక ఒకటి ఉండేది, తిప్పితే నిలబడేది. దానికి పేరు మార్చి మీకు అంటగట్టారు." చదివేది లేదు, వినేది లేదు. కానీ ఒళ్ళు మండే విషయం ఏంటంటే, పోల్చింది తప్పని నిరూపిద్దామని ఇంటికెళ్ళి మూడు గంటలు వెతికితే చాలావరకు కరెక్టే.

ఒక ఏడు, సెలవుల ముందు, ఎనిమిది మిషన్లకీ కార్డులు మార్చే పని పడింది. పచ్చవి వెయ్యాలా, ఎర్రవి వెయ్యాలా? రెండు పార్టీలూ వారం రోజులు అరుచుకున్నాయి. ఒకరోజు పొద్దున వెళ్ళేసరికి రెండు మిషన్లని గోనెసంచుల్లో దూర్చి మూతి కట్టేసి ఉంచాడు. తెరలు మాత్రం బయట ఉన్నాయి. సెకనుకి ఎన్ని ఫ్రేములో, అంటే ఎన్ని బొమ్మలో, చూపించే అంకెల మీద నల్ల టేపు అతికించాడు. తన భుజం మీద గళ్ళ తువ్వాలు తీసి ఒళ్ళో పరుచుకుని కూర్చున్నాడు.

వాళ్ళ నాన్న పశువుల సంతలో బ్రోకరు. సంతలో ఎద్దు ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్ళు పట్టి చెప్తారు. పక్కవాడి మాట విని ధర చెప్పే గొర్రెలు ఉంటాయని ఆ ఏర్పాటు.

"ఒక్కొక్కడే రండి. పది నిమిషాలు ఇది ఆడండి, పది నిమిషాలు అది ఆడండి. తరవాత తువ్వాలు కింద నా చేతికి ఏళ్ళు పట్టండి. అయిదు పడితే ఎన్నపూస. ఒకటి పడితే రాళ్ళ బాటలో ఎడ్లబండి. నోరు తెరిచినోడు బయటికి."

నేను ఫోన్ తీశాను, స్లో మోషన్లో తెరని వీడియో తీస్తే ఏది ఏ కార్డో ఇట్టే దొరికిపోతుందని. అద్దంలోంచి చూశాడు. లేచొచ్చి ఫోను లాక్కుని స్క్రూల డబ్బాలో పడేసి మూత పెట్టాడు. "కళ్ళు ఇచ్చాడుగా దేవుడు, కాసేపు వాడు. ఊరికే పోవు."

ఆడాను. మొదటి మిషన్‌లో అప్పుడప్పుడు చిన్న కుదుపు, నడుస్తూ నడుస్తూ తట్టుకున్నట్టు. రెండోది నూనె మీద జారినట్టుంది. తువ్వాలు కింద మొదటిదానికి రెండు వేళ్ళు, రెండోదానికి అయిదూ పట్టాను. నోరు మూసుకుని ఉండగలనా? "రెండోది పచ్చ. డౌటే లేదు. ఇంత స్మూత్ అంటే మనదే" అని అరిచాను. కోటిగాడి మొహం వాడిపోయింది. వాడు కూడా రెండోదానికే అయిదు పట్టాడని తరవాత తెలిసింది, అంటే వాడి ఉద్దేశంలో అది ఎర్ర అన్నమాట.

బాబాయ్ మూతులు విప్పాడు. మొదటి సంచిలో కొత్త పచ్చ కార్డు. రెండో సంచిలో ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చిన పాత ఎర్ర కార్డు, ఫ్యానుకి ఒక రెక్క విరిగింది.

"ఇది ఫెయిర్ టెస్టు కాదు బాబాయ్! మొదటిదాంట్లో సెట్టింగులన్నీ పైకి పెట్టేశారు, అందుకే తడబడింది."

"నువ్వింట్లో ఎట్టా పెడతావ్?"

"...అన్నీ పైకే."

"అదే పెట్టా."

సెంటరంతా ఒకటే నవ్వు. కోటిగాడు కుర్చీలోంచి కిందపడ్డాడు. వాడు గెలిచాననుకున్నాడు పాపం. బాబాయ్ వాడివైపు తిరిగి, "నువ్వు పళ్ళికిలించమాక. మీ కార్డు గొప్ప కాదు. దీన్ని అరవై దగ్గర కట్టేసి, నీడలు తగ్గించి, తెరతో అడుగు కలిపా. పరిగెత్తి ఆగేదానికంటే ఆగకుండా నడిచేది మెత్తగా ఉంటది. ఎద్దయినా ఇంతే" అన్నాడు.

కార్డులు మార్చలేదు. ప్రతి తెర కింద ఒక కాగితం అంటించాడు: "అన్నీ మధ్యలో పెట్టుకోవలెను. పైకి పెట్టినవారిని లేపెదము." మూడో పార్టీ ఆయనే అయిపోయాడు. ఎంత తిక్క మనిషో చూడండి, రెండు పార్టీలనీ ఒకే రోజు ఓడించి, సాయంత్రం టీ తాగుతూ ఎడమ వైపు ఉన్నాడ్రా అని కుడివైపు వాణ్ణి చూపిస్తూ కూర్చున్నాడు.

అందరూ వెళ్ళాక నా ఫోను డబ్బాలోంచి తీసిచ్చాడు. "ఇంకోటి చెప్పేదా? కోప్పడవుగా?"

"చెప్పండి."

"నీ తెర నూట నలభై కాదు. అరవై మీదే నడుస్తంది. కొన్నప్పుడు సెట్టింగులో మార్చుకోవాల. నువ్వు మార్చలా."

రెండేళ్ళు. అరవైకీ నూట నలభై నాలుగుకీ తేడా తెలియనివాళ్ళు గేమ్స్ ఆడటం మానేయాలని రెండేళ్ళుగా ఇంటర్నెట్టులో కనపడ్డవాడితోనల్లా కొట్లాడాను. ఎంతమందిని గుడ్డివాళ్ళన్నానో లెక్కలేదు.

"మీరెప్పుడు చూశారు?"

"తెచ్చిన రోజే. బాణం తిప్పా కదా, ఎనకాల దాని నీడలు ఎడంగా పడ్డాయి. నూట నలభై అయితే దగ్గర దగ్గరగా పడేయి."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా!"

"అట్టాగా అన్నాగా" అన్నాడు.

కావాలంటే ఆ మాట అందరి ముందూ అనొచ్చు. అంటే నేను ఆ సెంటర్ గడప మళ్ళీ తొక్కేవాణ్ణి కాదు. అనలేదు.

ఇక చివరిసారి. నాలుగో ఏడులో కొత్త పచ్చ కార్డు కొన్నాను. ఆ మూడో విద్య, లేని బొమ్మ ఊహించి మధ్యలో ఇరికించేది, అందులో ఉంది. ఆయనకి చూపించి ఈసారి నోరు మూయించాలని పట్టుబట్టి మరీ నా రూముకి తీసుకొచ్చాను. ఆ విద్య ఆపితే అరవై రెండు ఫ్రేములు, పెడితే నూటపది. అంకెల మీద ఈసారి నల్ల టేపు లేదు.

ఆయన అంకెలు చూడలేదు. మౌస్ అటూ ఇటూ కుదిపాడు.

"చెయ్యి ముందు పోతంది. బొమ్మ ఎనకమాల వస్తంది. మధ్యలో ఎవుడో ఉన్నాడురా."

"ఎవడుంటాడు బాబాయ్?"

"బ్రోకరు. మా ఇంట్లో పుట్టి పెరిగినోణ్ణి, నాకు తెలవదా? మధ్యలో మనిషుంటే బేరం చానా సాఫీగా కనపడుద్ది. చేతికి చేరేసరికి ఆలస్యమవుద్ది."

ఫోనులో బొమ్మ గీసి చూపించాను. ఇది మొదటి ఫ్రేము, ఇది రెండోది, ఈ రెండూ చూసుకుని మధ్యలోది కార్డు తయారుచేస్తుంది.

"అంటే జరిగింది మొత్తం చూసి, దాన్ని కాసేపు ఆపి, మధ్యలో ఒక కట్టుకథ అల్లి, అప్పుడు మనకి చెప్తది."

"కట్టుకథ కాదు, ప్రెడిక్షన్."

"కోర్టులో సాక్షి చెప్పేది కూడా అదేలే."

నాకు తిక్క రేగింది. ప్రతి శివరాత్రికీ పేటవాళ్ళ ప్రభకి లైట్లు కట్టేది ఈయనే. అంత ఎత్తున రంగురంగుల బల్బులు కింద నుంచి పైకి పరిగెత్తుతూ పోతుంటే జనం నోళ్ళు తెరుచుకుని చూస్తారు. "నువ్వు చేసేదేంటి మరి? ప్రభ మీద లైటు పరిగెత్తుతోందా? ఏ బల్బూ కదలదు. ఒకటి ఆరి పక్కది వెలుగుతుంది, అంతే. అది మోసం కాదా?"

తీగ లేని పన్ను సందులోంచి గాలి వదిలాడు.

"మోసమే. కానీ ప్రతి బల్బూ నేను ఎక్కి కట్టిందే. లేని బల్బు ఒక్కటి కూడా వెలగలా."

వాదనలో ఓడిపోతున్నప్పుడు నేను ఏం చేస్తానో నా స్నేహితులకి తెలుసు. "ఒక కన్ను మూసుకుని చూసేవాడికి సగం ఫ్రేములే కనపడతాయిలే" అన్నాను.

ఆయన లేచాడు. "అంతే అయ్యుంటదిలే నాన్నా" అన్నాడు. వెళ్ళబోతూ నా సిస్టమ్ పక్క రేకు మీద చెయ్యి వేసి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, వదులైన స్క్రూ ఒకటి బిగించి వెళ్ళాడు. ఆ స్క్రూ వదులైందని నాకు తెలియదు.

నాలుగు నెలలు ఆ రోడ్డులోకి వెళ్ళలేదు. సారీ అని ఫోనులో టైప్ చేసి కొట్టేసిన సార్లు చాలా ఉన్నాయి. ఆయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను, మెసేజ్ చూసే అలవాటు లేదు, ఇంకా నయం అనుకున్నాను. గుండెనొప్పి వచ్చి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడని కోటిగాడు గ్రూపులో పెట్టినప్పుడు నేను గేమ్ మధ్యలో ఉన్నాను. అంకె నూటపది చూపిస్తూనే ఉంది.

తరవాత నేను చేసిన గొప్ప పని మొదట్లోనే చెప్పాను. నేను వెక్కిరించిన కన్నుని నా కార్డే పూర్తిగా తెరిచి పెట్టింది.

బుధవారం పొద్దున ఆ బొమ్మనే ఫోనులో పెట్టుకుని పిన్నికి చూపించడానికి వెళ్ళాను. పిన్ని అంటే బాబాయ్ భార్య. ఫ్లెక్సీ కట్టినప్పటినుంచీ ఆవిడ గడప దాటలేదు, బొమ్మ చూడలేదు. ఫోను దూరంగా పట్టుకుని చూసింది.

"బాగున్నాడు. ఎవురు నాన్నా?"

"బాబాయే పిన్నీ."

మళ్ళీ చూసింది. చాలాసేపు చూసింది. నొచ్చుకుంటానేమోనని నా మొహం కూడా ఒకసారి చూసింది.

"పళ్ళన్నీ ఉన్నాయే" అంది. "మరి తీగ యాడ పెట్టుకుంటాడురా?"

ఫోను తీసుకుని బయటికొచ్చి, ఆ పాత ఫొటో మళ్ళీ తెరిచాను. గోరంత మొహాన్ని ఎంత పెద్దది చేస్తే అంత అలుక్కుపోతోంది. ఆ అలుకులో, నోటి దగ్గర, ఒక్క నల్ల చుక్క. పన్ను సందు. నా మిషన్ దాన్ని మరక అనుకుని తుడిచి, పన్ను మొలిపించింది.

సాయంత్రం మస్తాన్ షాపులో యుద్ధం. మస్తాన్ మా సీనియర్, ఫ్లెక్సీలు ప్రింట్ చేస్తాడు. కోటిగాడు అప్పటికే వచ్చి కూర్చున్నాడు.

"ఆ పాత ఫొటో పెద్దది చేస్తే గళ్ళు గళ్ళుగా వస్తది, చూడలేరు" అన్నాడు మస్తాన్.

"పెద్దది చెయ్యొద్దు. ఎంతుందో అంతే వెయ్యి."

"ఆరడుగుల ఫ్లెక్సీ మీద అగ్గిపెట్టంత మొహమా?"

"అవును."

"నీకు పిచ్చి ముదిరిందిరా" అన్నాడు కోటిగాడు. "బాబాయ్ పరువు పోద్ది. ఊళ్ళో సందుకొక లీడరు మొహం గుమ్మమంత ఉంటే మన బాబాయ్ అగ్గిపెట్టెనా?"

"ఆ గుమ్మమంత మొహాల్లో నిజంవి ఎన్నిరా?"

"అదంతా కాదు. బొమ్మ చేసింది నువ్వే, ఇప్పుడు బాలేదనేది నువ్వే. పచ్చ పార్టీ ఓడిపోయిందని ఒప్పుకో, వదిలేస్తా."

"ఓడిపోయింది. చాలా?"

వాడు ఆ మాట ఊహించలేదు. నోరు తెరిచి మస్తాన్ వైపు చూశాడు. మస్తాన్ తల గోక్కున్నాడు. "సరే, వేసి చస్తా. కానీ కింద నా షాపు పేరుంటది. ప్రింట్ సరిగ్గా పడలేదని నన్ను చూసి నవ్వుతారు."

"నీ పేరు తీసెయ్."

"నా పేరు కూడా తీసేస్తే ఇంకేముందిరా దాని మీద!"

గురువారం పెదకర్మకి షామియానా ముందు ఆ ఫ్లెక్సీ కట్టాం. తెల్లగా, ఖాళీగా, మధ్యలో అగ్గిపెట్టంత మనిషి. మబ్బులు లేవు, దీపం లేదు. మస్తాన్ పేరు మాత్రం కింద ఉంది, ఎంతైనా వ్యాపారం. వచ్చినవాళ్ళు దూరం నుంచి చూసి, "ఏంది, బొమ్మ పడలా?" అని నవ్వారు. కొందరు మస్తాన్‌ని తిట్టారు. వాడు నన్ను చూపించాడు.

తరవాత మాత్రం ఒక సంగతి జరిగింది. దూరం నుంచి కనపడదు కాబట్టి ఒక్కొక్కళ్ళే దగ్గరికి నడిచారు. టీ కొట్టు పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని వంగాడు. ఎవరో ఒక కన్ను మూసుకుని చూశారు. అంతకుముందు పదిరోజులు గోడంత మొహం కింద నిలబడి పాన్ నమిలినవాళ్ళు, ఈ మొహం దగ్గర జానెడు దూరంలో ఆగి, మాటలు ఆపేశారు. "అవును, ఇట్టాగే చూసేవాడు" అన్నారొకరు.

పిన్ని చివర్లో వచ్చింది. ఎవరూ పట్టుకోకుండానే నడిచింది. వంగి, చూపుడువేలితో ఆ నల్ల చుక్క దగ్గర తాకింది.

"ఉందిలే" అంది.

ఇంతటితో ఆగి ఉంటే నేను ఇది రాసేవాణ్ణి కాదు. ఆ సాయంత్రం కోటిగాడు రెండు బొమ్మలూ పక్కపక్కన గ్రూపులో పెట్టి, "ఏది బాగుంది?" అని ఓటింగు పెట్టాడు. ఎవడు దేనికి వేశాడో అందరికీ కనపడే ఓటింగు. హెచ్‌డీ మొహం గెలిచింది, మామూలుగా కాదు, చిత్తుగా. పెదకర్మలో జానెడు దూరంలో వంగి చూసి ముక్కు చీదుకున్నవాళ్ళలో సగం మంది కూడా దానికే వేశారు. అందరూ అటే వేస్తున్నారు కదా మరి.

నేను ఒప్పుకోను. మీరు వాళ్ళవైపే అయితే నాతో వాదనకి రావద్దు, పక్కవాడి ఓటు చూడొద్దు. ఒక తువ్వాలు తెచ్చుకోండి. దాని కింద చెయ్యి పెట్టి, మీ ఇంట్లో పోయిన మనిషిని ఒక్కసారి తలుచుకుని, అప్పుడు వేళ్ళు పట్టండి: అన్ని పళ్ళూ ఉన్న ఆ పెద్దమనిషికి అయిదు వేళ్ళు ఇవ్వగలరా మీరు?